ఇంటి విలువ ఎవరు రాశారు? అమెరికాలో ఎర్ర గీతల చరిత్ర



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఒకేసారి చదవడం కుదరకపోతే సేవ్ చేసుకుని రెండు విడతల్లో చదవండి. కానీ చివరిదాకా చదవండి. మనకు పనికొచ్చే సంగతి చివర్లో ఉంది.

మన గ్రూపులో అప్పుడప్పుడు ఒక మాట వస్తుంటుంది. "వివక్ష అంటే తిట్టడం, కొట్టడం, దూరం పెట్టడం. బ్యాంకులో వివక్ష ఏముంటుంది? కాగితాలు సరిగ్గా ఉంటే లోన్ ఇస్తారు, లేకపోతే ఇవ్వరు, అంతే కదా" అని. ఈ మాటకు జవాబు వెతుకుతూ మేము కొందరం అమెరికాలో ఇంటి రుణాల చరిత్ర చదివాం. అక్కడ నల్లజాతి ప్రజలను ఎక్కువగా దెబ్బతీసింది తిట్లు కాదు, కాగితాలే. ఎవరూ గొంతు పెంచలేదు. ఒక ఫారం నింపారు, ఒక మ్యాపుకు రంగు వేశారు, ఒక అంకె రాశారు. ఆ అంకె ఫలితాన్ని వాళ్ల మనవళ్లు ఇప్పటికీ మోస్తున్నారు.

ముందు పద్ధతి తెలుసుకుందాం

అక్కడ ఎవరైనా ఇల్లు కొనాలంటే బ్యాంకు అప్పు ఇస్తుంది, ఆ ఇంటినే తాకట్టు పెట్టుకుంటుంది. దీన్ని మార్ట్‌గేజ్ అంటారు. అప్పు ఇచ్చే ముందు ఇంటి విలువ ఎంతో చెప్పడానికి ఒక మనిషిని పంపుతారు. అతన్ని అప్రైజర్ అంటారు. మన దగ్గర బ్యాంకులు పంపే వాల్యూయర్ లాంటి వాడన్నమాట.

అతను ఏం చేస్తాడు? గదులు, స్థలం, కట్టుబడి చూస్తాడు. చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడుపోయిన అలాంటి ఇళ్లు కొన్ని, మామూలుగా మూడు, ఎంచుకుని వాటి ధరలతో పోల్చి ఒక అంకె వేస్తాడు. గజాలు టేపుతో కొలవొచ్చు, ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది. విలువ అలా కాదు. అది ఒక మనిషి అభిప్రాయం. ఏ మూడు ఇళ్లను పోలికకు తీసుకున్నాడు, ఏ వీధి దాటి వెళ్లలేదు అనేదాన్ని బట్టి అంకె మారుతుంది. ఆ అంకె తగ్గితే అప్పు తగ్గుతుంది. కొనేవాడు మిగతా డబ్బు జేబులోంచి తేవాలి, లేకపోతే బేరం పోతుంది. సొంత ఇంటిమీద అప్పు తెచ్చి పిల్లల్ని చదివించుకుందామన్నా అదే అంకె అడ్డం వస్తుంది.

మ్యాపులకు రంగులు వేసిన కాలం

1930లకు ముందు అమెరికాలో ఇంటి అప్పు సామాన్యుడికి అందేది కాదు. ధరలో దాదాపు సగం ముందే కట్టాలి. మిగతా దానికి మూడు నుంచి అయిదేళ్ల గడువు. అన్నాళ్లూ వడ్డీ కట్టి, చివర్లో అసలు ఒక్కసారే తీర్చాలి. 1929లో ఆర్థిక మాంద్యం వచ్చింది. ఉద్యోగాలు పోయాయి, ఇళ్లు వేలానికి వచ్చాయి.

1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టింది. మునిగిపోతున్న ఇంటి అప్పులను అది తీసుకుని, నెలనెలా కొంచెం కొంచెం కట్టుకునేలా మార్చింది. సుమారు పది లక్షల కుటుంబాల ఇళ్లు నిలబడ్డాయి. ఇది మంచి పనే, కాదనలేం.

తర్వాత ఈ సంస్థ, ఎక్కడ అప్పు ఇస్తే ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి 200కు పైగా నగరాల మ్యాపులు గీయించింది. ఒక్కో పేటకు ఒక్కో రంగు. అన్నిటికంటే మంచి పేట ఆకుపచ్చ, తర్వాతది నీలం, దిగజారుతున్నది పసుపు, ప్రమాదకరమైనది ఎరుపు. ప్రతి పేటకూ ఒక ఫారం ఉండేది. ఇళ్ల వయసు, అద్దెలు, ఆదాయాలు రాసే గడులతో పాటు అక్కడ ఏ జాతి వాళ్లు ఉన్నారు, ఎంత శాతం ఉన్నారు అని రాసే గడి కూడా ఉండేది. నల్లజాతి వాళ్లు ఉండే పేటలకు దాదాపు అన్నిచోట్లా ఎరుపే వేశారు. అక్కడ డాక్టరు ఇల్లు ఉన్నా, టీచరు ఇల్లు ఉన్నా అదే రంగు. రెడ్‌లైనింగ్, అంటే ఎర్ర గీత గీయడం, అనే మాట 1960లలో బాగా వాడుకలోకి వచ్చింది. ఒక పేట చుట్టూ గీత గీసి, దాని లోపల ఎవరు అడిగినా అప్పు ఇవ్వకపోవడమే దానర్థం.

ఇక్కడ ఒక విషయం సరిగ్గా చెప్పుకోవాలి. ఈ మ్యాపుల వల్లే అంతా జరిగిందని సోషల్ మీడియాలో తేలిగ్గా రాసేస్తుంటారు. ఈ సంస్థ నల్లజాతి వాళ్లకు కూడా కొన్ని అప్పులు ఇచ్చింది. దాని మ్యాపులు బయటి బ్యాంకులకు పెద్దగా చేరలేదని కూడా చరిత్రకారులు చూపించారు. ఎక్కువ నష్టం చేసింది 1934లో పుట్టిన ఇంకో సంస్థ, ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్. ఇది అప్పు ఇవ్వదు, బ్యాంకులు ఇచ్చే అప్పుకు హామీ ఇస్తుంది. అప్పు మునిగితే ప్రభుత్వం కడుతుంది. హామీ ఉంది కాబట్టి బ్యాంకులు ధరలో 80 శాతం, తర్వాత 90 శాతం దాకా, ఇరవై పాతికేళ్ల గడువుతో ఇవ్వసాగాయి. సొంతిల్లు కార్మికుడికి కూడా అందింది. కానీ హామీ దేనికి ఇవ్వాలో తేల్చడానికి ఆ సంస్థ ఒక రూల్ బుక్ రాసుకుంది. వివక్ష అందులో ఉంది.

చదువుకున్నవాళ్లే రాశారు

ఆ రూల్ బుక్ రాసింది రౌడీలు కాదు, పుస్తకాలు రాసిన నిపుణులు. ఫ్రెడరిక్ బాబ్‌కాక్ 1932లో ఆస్తుల విలువ కట్టడం మీద పుస్తకం రాశాడు. పేట జనాభాలో జాతి మారితే ధరలు పడిపోతాయని అందులో వాదించాడు. రెండేళ్ల తర్వాత ఈ సంస్థలో నియమాలు తయారుచేసే పని అతనికే అప్పగించారు. హోమర్ హాయ్ట్ అనే ఆర్థికవేత్త 1933లో షికాగో భూముల ధరల మీద తన పరిశోధన గ్రంథం ప్రచురించాడు. అందులో, ఏ జాతి వాళ్లు వస్తే భూమి ధర మీద ఎలాంటి ప్రభావం ఉంటుందో చెబుతూ పది వరసల జాబితా ఇచ్చాడు. పైన ఇంగ్లీషు, జర్మన్, స్కాండినేవియన్ మూలాల వాళ్లు. తొమ్మిదో స్థానంలో నల్లవాళ్లు, పదో స్థానంలో మెక్సికన్లు. అతనూ ఈ సంస్థలోనే ఉన్నత ఆర్థికవేత్తగా చేరాడు.

అలా ఒక అభిప్రాయం పుస్తకమైంది, పుస్తకం ప్రభుత్వ నియమమైంది. 1938 నాటి రూల్ బుక్‌లో, పేట "నిలకడగా" ఉండాలంటే ఒకే రకం సామాజిక, జాతి వర్గాల వాళ్లు ఉండాలని రాశారు. తెల్లవాళ్లకు తప్ప అమ్మకూడదనే షరతును దస్తావేజులోనే రాయించడాన్ని మెచ్చుకున్నారు. వేరే జాతి వాళ్లు రాకుండా పెద్ద రోడ్డో, ఏదైనా అడ్డమో ఉంటే అదీ మంచి లక్షణంగా లెక్కేశారు.

డెట్రాయిట్‌లో దీనికి గుర్తు ఇప్పటికీ నిలబడి ఉంది. నల్లజాతి కుటుంబాలు ఉండే పేట పక్కనే ఒక బిల్డర్ తెల్లవాళ్లకోసం ఇళ్లు కడదామనుకున్నాడు. నల్లవాళ్ల పేట మరీ దగ్గరగా ఉందని హామీ దొరకలేదు. 1941లో అతను రెండు పేటల మధ్య ఆరడుగుల ఎత్తున, సుమారు అర మైలు పొడవున గోడ కట్టాడు. హామీ వచ్చింది! మట్టి అదే, ఆకాశం అదే. గోడకు ఇటువైపు అప్పుకు పనికొచ్చే నేల, అటువైపు పనికిరాని నేల.

అప్పు రాని పేటలో ఏం జరుగుతుందో ఆలోచించండి. కొనేవాడికి లోన్ రాదు కాబట్టి కొనేవాళ్లు తగ్గుతారు. ఉన్నవాడికి రిపేరుకు లోన్ రాదు, పైకప్పు కారుతూనే ఉంటుంది. ధర పడిపోతుంది. అప్పుడు నిపుణుడు వచ్చి, "చూశారా, నల్లవాళ్లు ఉన్నచోట ధర పడుతుందని ముందే చెప్పాం" అంటాడు. చేతులు కట్టేసి నీళ్లలోకి తోసి, వీడికి ఈత రాదు అన్నట్టు. ముందు అంకె రాశారు, ఆ అంకె వల్ల నష్టం జరిగింది, ఆ నష్టాన్నే అంకెకు రుజువుగా చూపించారు.

ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తిరిగొచ్చిన సైనికులకు ఇళ్లకు, చదువులకు, వ్యాపారాలకు సాయం చేసే చట్టం 1944లో వచ్చింది. నల్లజాతి సైనికులు కూడా అదే యుద్ధంలో పోరాడారు. కానీ అప్పు ఇచ్చేది స్థానిక బ్యాంకే. 1947లో మిసిసిపీ రాష్ట్రంలో ఈ చట్టం కింద హామీ ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండే రెండు. ఆ రాష్ట్ర జనాభాలో దాదాపు సగం మంది నల్లవాళ్లే.

అదే ఏడాది న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ అనే కొత్త ఊరు కట్టడం మొదలైంది. 17 వేలకు పైగా ఇళ్లు, ప్రభుత్వ హామీ, తక్కువ కిస్తీలు. షరతు ఒకటే, తెల్లవాళ్లై ఉండాలి. అప్పట్లో ఎనిమిది వేల డాలర్ల దగ్గర అమ్మిన ఆ ఇళ్లు ఇవాళ లక్షల డాలర్లు పలుకుతున్నాయి. ఆ ఇంటిమీద తెచ్చిన అప్పుతో పిల్లలు కాలేజీలకు వెళ్లారు, ఇల్లు అమ్మిన డబ్బు మనవళ్లకు పెట్టుబడి అయ్యింది. 1934 నుంచి 1962 దాకా ప్రభుత్వం అండగా నిలిచిన ఇంటి రుణాలు సుమారు 12,000 కోట్ల డాలర్లు. అందులో తెల్లవాళ్లు కానివాళ్లకు వెళ్లింది 2 శాతం లోపే.

బ్యాంకు తలుపు మూసుకున్నవాళ్లు ఎక్కడికి పోతారు? మన ఏజెన్సీలో షావుకారు దగ్గరికి పోయినట్టే, షికాగోలో కాంట్రాక్టు అమ్మకందారుల దగ్గరికి పోయారు. ఆ వ్యాపారి, "నల్లవాళ్లు వచ్చేస్తున్నారు, ధర పడిపోతుంది" అని తెల్లవాళ్లను భయపెట్టి ఇల్లు చవగ్గా కొంటాడు. అదే ఇంటిని నల్లజాతి కుటుంబానికి రెట్టింపు ధరకు వాయిదాల మీద అమ్ముతాడు. చివరి కిస్తీ కట్టేదాకా దస్తావేజు వ్యాపారి పేరునే ఉంటుంది. ఒక్క కిస్తీ తప్పితే ఇల్లూ పోతుంది, అప్పటిదాకా కట్టిందీ పోతుంది. 1950, 60లలో ఒక్క షికాగోలోనే నల్లజాతి కుటుంబాలు ఇలా 300 నుంచి 400 కోట్ల డాలర్లు నష్టపోయాయని 2019లో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క కట్టారు.

నార్త్ లాన్‌డేల్ పేటలో ఆ కుటుంబాలు ఊరుకోలేదు. 1968లో కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పెట్టుకుని, దస్తావేజులు వెతికి, వ్యాపారి ఎంతకు కొన్నాడో, తమకు ఎంతకు అమ్మాడో పక్కపక్కన పెట్టి చూపించారు. కిస్తీలు కట్టడం ఆపేసి సమ్మె చేశారు. వందల కాంట్రాక్టులను తిరగరాయించారు. ఎవరికి వారు "నేనే మోసపోయాను" అని సిగ్గుతో దాచుకున్న విషయం, కాగితాలు పక్కపక్కన పెట్టాక, అందరి కథ అని తేలింది.

అక్కడి ఆదివాసుల సంగతి

మన పాఠ్యపుస్తకాల్లో రెడ్ ఇండియన్లు అని చదువుకున్న అక్కడి ఆదివాసులకు ఇదే పని ఇంకో దారిలో జరిగింది. 1887లో డాస్ చట్టం వచ్చింది. తెగ అంతా ఉమ్మడిగా ఉంచుకున్న భూమిని ముక్కలు చేసి, కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున పంచి, మిగిలింది "అదనం" అని బయటివాళ్లకు ఇచ్చేశారు. పంచిన భూమిని పాతికేళ్లపాటు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు అని మొదట రక్షణ పెట్టారు. 1906లో ఆ రక్షణను సడలించారు. "సమర్థుడు" అని అధికారి రాస్తే పాతికేళ్లు ఆగకుండా పూర్తి పట్టా ఇచ్చేయొచ్చు. వినడానికి గౌరవంగానే ఉంది. ఆ సామర్థ్యాన్ని ఎలా తేల్చారంటే, 1917 నుంచి సగం కంటే తక్కువ ఆదివాసీ రక్తం ఉన్నవాళ్లను సమర్థుల కింద లెక్కేశారు. ఇక్కడా ఒక కలం, ఒక ఫారం, ఒక అంకె.

పట్టా రాగానే పన్ను వచ్చింది, తాకట్టు వచ్చింది, అప్పు వచ్చింది, వేలం వచ్చింది. 1887లో తెగల చేతుల్లో 13.8 కోట్ల ఎకరాలు ఉండేవి. 1934లో ఈ విధానం ఆపేనాటికి మిగిలింది 4.8 కోట్ల ఎకరాలు.

ఆ తర్వాత మిగిలిన భూమి ప్రభుత్వ ట్రస్టు కింద ఉండిపోయింది. అమ్మడానికి వీల్లేదు కాబట్టి పోలేదు. కానీ తాకట్టుకు పనికిరాదని బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. నల్లవాళ్లకు పేట పేరు చెప్పి ఇవ్వలేదు, ఆదివాసులకు పట్టా పేరు చెప్పి ఇవ్వలేదు. 1992లో వాళ్లకోసం సెక్షన్ 184 అనే ప్రత్యేక హామీ పథకం పెట్టారు. ట్రస్టు భూమిలో కట్టుకునే ఇంటికి బ్యాంకు అప్పు ఇస్తుంది, ప్రభుత్వం హామీ ఉంటుంది. అప్పు మునిగినా ఆ ఇల్లు, ఆ లీజు హక్కు బయటివాళ్లకు పోవు. అర్హత ఉన్న తెగ సభ్యుడికో, తెగకో, తెగ గృహ సంస్థకో మాత్రమే చెందాలి. రక్షణ తీసేయకుండానే అప్పు ఇవ్వొచ్చని తేలడానికి నూట అయిదేళ్లు పట్టిందన్నమాట.

లెక్క అడిగినప్పుడు కదిలింది

1966లో మార్టిన్ లూథర్ కింగ్ షికాగోలో ఇళ్ల వివక్ష మీద ఉద్యమం నడిపాడు. రాళ్లు పడ్డాయి. 1968 ఏప్రిల్ 4న ఆయన్ని చంపేశారు. వారం తర్వాత, ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పడింది. జాతిని బట్టి ఇల్లు అమ్మకపోవడం, అప్పు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధమైంది.

చట్టం వచ్చింది కానీ బ్యాంకు మేనేజరు, "మేము జాతి చూడట్లేదు, రిస్క్ చూస్తున్నాం" అనేవాడు. కాదని ఎలా నిరూపిస్తారు? ఏ పేటకు ఎన్ని లోన్లు ఇచ్చారో బ్యాంకుకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక్కడే షికాగోకు చెందిన గేల్ సిన్‌కోటా అనే మహిళ పేరు గుర్తుపెట్టుకోవాలి. ఆమె తెల్లజాతి స్త్రీ, ఆరుగురు పిల్లల తల్లి, పెద్ద డిగ్రీలు లేవు. తమ పేటకు బ్యాంకులు అప్పులు ఆపేయడం చూసి, నల్లవాళ్లను తెల్లవాళ్లను కలిపి సంఘం కట్టింది. వాళ్ల ఒత్తిడి వల్ల 1975లో, ఏ ప్రాంతంలో ఎంత ఇంటి రుణం ఇచ్చారో బ్యాంకులు బయటపెట్టాలనే చట్టం వచ్చింది. 1977లో, డిపాజిట్లు తీసుకునే ప్రాంతాలకు అప్పులు కూడా ఇవ్వాలనే చట్టం వచ్చింది.

విలువ కట్టేవాళ్ల మీద కూడా కేసు పడింది. జాతి మారితే ధర పడుతుందని చట్టం వచ్చాక కూడా తమ కోర్సుల్లో నేర్పుతున్నందుకు, 1976లో కేంద్ర న్యాయశాఖ అప్రైజర్ల ప్రధాన సంస్థను కోర్టుకు లాగింది. 1977లో ఆ సంస్థ రాజీపడి ఆ పాఠాలు మార్చుకుంది. అంటే బాబ్‌కాక్ రాసిన మాట పుస్తకాల్లోంచి పోవడానికి 45 ఏళ్లు పట్టింది.

1988లో బిల్ డెడ్‌మన్ అనే విలేకరి అట్లాంటా బ్యాంకుల లెక్కలు తీసి వరస కథనాలు రాశాడు. ఒకే స్థాయి ఆదాయం ఉన్నా, తెల్లవాళ్ల పేటలకు నల్లవాళ్ల పేటలకంటే అయిదు రెట్లు ఎక్కువ ఇంటి రుణాలు వెళ్తున్నాయని చూపించాడు. మరుసటి ఏడాది అతనికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అంతకంటే పెద్ద ఫలితం, 1989లోనే చట్టం మార్చి, ప్రతి దరఖాస్తుదారుడి జాతి, ఆదాయం, లోన్ ఇచ్చారా లేదా అన్నది బ్యాంకులు నమోదు చేయాలన్నారు. ఆ లెక్కలకు మరిన్ని వివరాలు జోడించి బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ 1992లో అధ్యయనం చేసింది. ఆదాయం, అప్పుల చరిత్ర వంటివన్నీ ఒకేలా ఉన్నవాళ్లను పోల్చినా, తెల్లవాళ్లలో 11 శాతం మందికి లోన్ తిరస్కరిస్తే నల్లజాతి, హిస్పానిక్ దరఖాస్తుదారుల్లో 17 శాతం మందికి తిరస్కరించారని తేలింది.

అయిపోయిందా? లేదు

2000 తర్వాత వివక్ష తలకిందులైంది. అప్పు ఇవ్వకపోవడం పోయి, చెడ్డ అప్పు అంటగట్టడం మొదలైంది. మామూలు వడ్డీకి అర్హత ఉన్న నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలకు కూడా ఎక్కువ వడ్డీ రుణాలు కట్టబెట్టారు. 2008లో అంతా కూలినప్పుడు ముందు పోయినవి అలాంటి ఇళ్లే. ఇలాంటి ఆరోపణల మీద కంట్రీవైడ్ 2011లో 33.5 కోట్ల డాలర్లకు, వెల్స్ ఫార్గో 2012లో 17.5 కోట్ల డాలర్లకు న్యాయశాఖతో రాజీ చేసుకున్నాయి.

ఇళ్ల విలువ సంగతీ అంతే. కాలిఫోర్నియాలో మారిన్ సిటీ అనే చిన్న ఊరు ఉంది. యుద్ధకాలంలో ఓడలు కట్టడానికి వచ్చిన నల్లజాతి కార్మికుల ఊరు. తెల్లజాతి కార్మికులు యుద్ధం అయ్యాక లోన్లు తెచ్చుకుని వేరేచోట ఇళ్లు కొనుక్కున్నారు, వీళ్లకు లోన్లు రాక అక్కడే ఉండిపోయారు. 2021లో అక్కడి నల్లజాతి దంపతుల ఇంటికి 9,95,000 డాలర్ల విలువ కట్టారు. వాళ్లు తమ ఫొటోలు తీసేసి, తెల్లజాతి స్నేహితురాలిని ఇంటి యజమానిలా ఉండమని ఇంకోసారి విలువ కట్టించారు. ఈసారి 14,82,500 డాలర్లు వచ్చింది. కొన్ని వారాల తేడా, అదే ఇల్లు, దాదాపు అయిదు లక్షల డాలర్ల తేడా. వాళ్లు కోర్టుకు వెళ్లారు, 2023లో రాజీ కుదిరింది.

ఒక్క కేసు చూసి అప్రైజర్లందరూ జాతి ద్వేషులని తీర్మానించలేం. అంత అవసరం కూడా లేదు. పక్కింటి పాత అమ్మకాలతో పోల్చే పద్ధతిలోనే చిక్కు ఉంది. ఆ పాత ధరల్లో ఎర్ర గీతల కాలం దాగి ఉంది. మనసులో ఏ ద్వేషం లేనివాడు నియమం ప్రకారం పని చేసినా నిన్నటి అన్యాయం ఇవాళ్టి అంకెలోకి వచ్చేస్తుంది. 2018లో బ్రూకింగ్స్ సంస్థ పరిశోధకులు ఒకే రకం ఇళ్లను, ఒకే రకం సౌకర్యాలున్న పేటలను పోల్చి చూశారు. నల్లజాతి వాళ్లు సగానికి పైగా ఉన్న పేటల్లో ఇళ్ల విలువ, వాళ్లు దాదాపు లేని పేటలకంటే 23 శాతం తక్కువ. సగటున ఇంటికి 48,000 డాలర్లు, మొత్తం 15,600 కోట్ల డాలర్లు. 2021లో ఫ్రెడ్డీ మాక్ సంస్థ లక్షల అప్రైజల్స్ పరిశీలించింది. ఒప్పుకున్న ధరకంటే తక్కువ విలువ కట్టినవి తెల్లవాళ్ల పేటల్లో 7.4 శాతం, నల్లవాళ్ల పేటల్లో 12.5 శాతం. అప్రైజర్లలో అత్యధికులు తెల్లవాళ్లే. చాలాకాలం ఆ పని నేర్చుకోవాలంటే అప్పటికే ఉన్న ఒక అప్రైజర్ కింద పనిచేయాల్సి వచ్చేది. ఎక్కువగా తెలిసినవాళ్ల పిల్లలకే ఆ చోటు దొరికేది.

మనకు ఇందులో ఏముంది

అమెరికాలో ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగువాళ్ల ఫొటోలు మనమందరం చూస్తూనే ఉంటాం. ఆ ఇళ్ల వెనక ఈ పోరాటం ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మకూడని వాళ్ల జాబితాలో "హిందూ" అని రాసిన దస్తావేజులు పశ్చిమ తీరంలో ఉన్నాయి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లింది 1965 వలస చట్టం తర్వాత. వాళ్లు స్థిరపడి ఇల్లు వెతుక్కునేనాటికి 1968 చట్టం సిద్ధంగా ఉంది. దానికి రాళ్ల దెబ్బలు తిన్నది నల్లవాళ్లు. అక్కడికి వెళ్లిన, వెళ్లబోయే మన పిల్లలు ఈ సంగతి మర్చిపోకూడదు.

ఇక మన నేల. మన దగ్గర భూములు పోయింది కూడా అప్పు కాగితాల మీదే. మద్రాసు ఏజెన్సీలో 1917 చట్టం గిరిజనుల అప్పుకు వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదని, అనుమతి లేకుండా భూమి బయటివాళ్లకు పోకూడదని చెప్పింది. అంటే అప్పటికే ఎంత పోయి ఉంటుందో ఊహించండి. 1959 భూ బదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, ఆ రక్షణను గట్టి చేశాయి. "1/70 వల్ల మనకు లోన్లు రావట్లేదు, దాన్ని తీసేస్తే బాగుపడతాం" అని ఈమధ్య మనలో కొందరు అంటున్నారు. వాళ్లను మేము తప్పుపట్టం. లోన్ రాని బాధ నిజమైనది. కానీ డాస్ చట్టం కథ ఒకసారి చదవమంటాం. అక్కడ రక్షణ తీసినప్పుడు లోన్లు వచ్చాయి, భూములు పోయాయి. మన నిబంధనల్లో కూడా బ్యాంకుకు, సహకార సంఘానికి తాకట్టు పెట్టడానికి దారి ఉంది. బాకీ తీరకపోతే ఆ భూమిని గిరిజనులకే అమ్మాలని షరతు. ఆ దారి ఉన్నా లోన్ రావట్లేదంటే అడగాల్సింది రక్షణ ఎందుకు ఉందని కాదు, బ్యాంకు ఎందుకు ఇవ్వట్లేదని.

అడగడానికి మనకూ ఒక ఆయుధం ఉంది. ఎస్సీ, ఎస్టీల రుణ దరఖాస్తును తిరస్కరించాలంటే ఆ నిర్ణయం బ్రాంచిలో కాకుండా పై స్థాయిలో జరగాలి, కారణం స్పష్టంగా రాయాలి అని రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల్లో ఉంది. మన ఊళ్లలో ఏం జరుగుతుంది? కౌంటర్ దగ్గర "మీకు రాదులే" అని నోటిమాటతో పంపేస్తారు. దరఖాస్తే తీసుకోరు. తీసుకోకపోతే తిరస్కరించినట్టు కాదు, తిరస్కరించనప్పుడు లెక్కలో ఉండదు. అందుకని దరఖాస్తు కాగితం మీదే ఇవ్వండి, రసీదు అడగండి, రాదంటే కారణం రాసిమ్మని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు బ్యాంకుకు వెళ్తుంటే చదువుకున్న మనం వెంట వెళ్దాం. ప్రతి గూడెంలో ఎవరు అడిగారు, ఎంత అడిగారు, ఏం జవాబు వచ్చింది అని ఒక నోట్‌బుక్‌లో రాసిపెడదాం. షికాగోలో ఆ కుటుంబాలు చేసింది ఇదే. ఒక ఇంటి కాగితం పక్కన ఇంకో ఇంటి కాగితం పెట్టారు.

బ్యాంకు పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, సివిల్ ఇంజనీరింగ్ చేస్తున్నవాళ్లకు ఒక మాట. రేపు లోన్ ఫైలు మీద సంతకం పెట్టే చెయ్యి, ఇంటికి విలువ రాసే చెయ్యి మీదే కావచ్చు. ఆ కుర్చీలో కూర్చున్నాక పాత రిజిస్టర్లో ఉన్న అంకెను అలాగే ఎక్కించకండి. వెళ్లి ఇల్లు చూడండి.

మీ ఊళ్లో లోన్ అడిగిన అనుభవాలు కామెంట్లలో రాయండి. ఊరి పేరు, ఏడాది, ఏ కారణం చెప్పారు అన్నది చాలు, మనుషుల పేర్లు వద్దు. అన్నీ చేరాక ఒక పట్టికగా తయారుచేసి ఇక్కడే పెడతాం.

జోహార్.